వానరోజుల పరుగు

ఇంట్లో అందరి బట్టలూ మెషీన్‌లో పడతాయి. ఆమెవి కొన్ని పడవు. వాటిని పొద్దున్నే, లాడ్జిలో దిగినవాళ్ళు టీ కోసం బెల్లు నొక్కడం మొదలుపెట్టకముందే, పెరటి కుళాయి కింద చేత్తో ఉతుక్కుంటుంది. గట్టిగా పిండి, దులిపి, తీగ మీద దుప్పట్ల చాటున ఆరేస్తుంది. లాడ్జి నడిపేవాళ్ళకి దుప్పట్లకేం తక్కువ? తెల్లటి దుప్పట్లు బారులు తీరి వేలాడుతుంటే వాటి వెనక ఏం ఆరుతోందో చూడాల్సిన పని ఎవరికుంటుంది? అత్తగారికి తప్ప.

"ఏమే, మళ్ళీ ఉతుకుతున్నావా?"

"ఆఁ అత్తయ్యా. చిన్నవే."

"చిన్నవే," అని ఆవిడ వంటింటి గుమ్మానికి చేరగిలబడి ముక్కు ఒకసారి ఎగబీలుస్తుంది. "ఏంటో, ఈ పెరట్లో ఎప్పుడూ ఏదో వాసన. మీకెవరికీ రావట్లేదేమో మరి."

ఆ 'మీకెవరికీ' అన్నప్పుడు పెరట్లో ఆమె తప్ప ఇంకెవరూ ఉండరు. ఆమె తల వంచుకుని కుళాయి ఇంకాస్త తిప్పుతుంది. నీళ్ళ చప్పుడులో మాట వినపడనట్టు ఉండొచ్చు. వినపడనట్టు ఉండటం ఆమెకి ఇప్పుడు బాగా చేతనవుతుంది.

రెండో కాన్పు కష్టమైంది. పిల్లాడు బొద్దుగా, పెద్ద తలతో పుట్టాడు. చూడవచ్చిన వాళ్ళంతా వాడి బరువు చెప్పుకుని మురిసిపోయారు. వాణ్ణి కన్న ఒంటికి ఏమైందో ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకి దగ్గితే తడిసేది. తుమ్మితే తడిసేది. నీళ్ళ బకెట్ ఎత్తినా, మెట్లు గబగబా దిగినా, మరీ ముఖ్యంగా పగలబడి నవ్వినా, ఆపుకునే లోపలే చుక్కలు జారిపోయేవి. ఒక్కోసారి చుక్కలతో ఆగేది కాదు. ఆస్పత్రిలో నర్సుని అడిగితే, "ఆడవాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా, సర్దుకుంటుంది" అంది. అది సర్దుకోలేదు. ఆమే సర్దుకుంది. ముదురు రంగు బట్టలకి మారింది. లోపల పాత మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకోవడం నేర్చుకుంది. మంచినీళ్ళు తగ్గించేసింది. దాంతో సాయంత్రమయ్యేసరికి తల పగిలిపోతుండేది. ఎప్పుడూ తలనొప్పేనా అని ఇంట్లో విసుక్కునేవారు.

భర్తకి ఒక్కసారే చెప్పింది. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్‌లో ఏదో ఆట చూస్తున్నాడు. చెప్పడానికి ఆమె ఎన్నో రోజులు మాటలు కూడబలుక్కుంది. విని, ఫోన్ పక్కన పెట్టకుండానే, "అయితే నువ్వింక నవ్వకు," అని ఆయనే నవ్వాడు. అక్కడితో అయిపోయిందనుకుంది. కాలేదు. ఓరోజు సాయంత్రం ఆయన స్నేహితులు నలుగురు వరండాలో కూర్చుని ఉన్నారు. ఆమె టీ కప్పులు పట్టుకుని వస్తుంటే వాళ్ళలో ఒకాయన ఏదో తమాషా కథ మొదలుపెట్టాడు. "మా ఆవిడ ముందు జోకులెయ్యకండ్రా బాబూ. తర్వాత నేల తుడుచుకోలేక చావాలి," అన్నాడు భర్త. వాళ్ళకి అర్థమైందో లేదో తెలీదు. ఇద్దరు మాత్రం ఆమె ముఖంలోకి కాకుండా కిందకి చూశారు. ఆ చూపు ఆమెకి ఇప్పటికీ స్నానం చేస్తున్నప్పుడు గుర్తొస్తుంది. గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా సరే తువ్వాలు దగ్గరికి లాక్కుంటుంది.

ఆ తర్వాత ఆమె నవ్వడం మానేసింది. పళ్ళు కనిపించేలా, పొట్ట కదిలేలా నవ్వడం అసలే మానేసింది. లాడ్జికి మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు ఆమెకి 'నవ్వని మేడమ్' అని పేరు పెట్టారు. గర్వమనుకున్నారు. భర్తా అదే అన్నాడు. "కాస్త నవ్వు మొహం పెట్టొచ్చుగా. కస్టమర్లు నీ మొహం చూసి పారిపోతున్నారు." నవ్వొద్దన్న మనిషే ఆ మాటా అన్నాడు. రెండూ తనే అన్నానని ఆయనకి ఎప్పటికీ తట్టలేదు.

పరుగు మాత్రం అనుకోకుండా మొదలైంది. లాడ్జి కొండ అంచున, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. వెనక గోడ దాటితే చాలు, పొడవాటి చెట్లు, నాచు పట్టిన బండలు, మంచు దిగితే పక్క మనిషి కనపడని దారులు. ఓ మధ్యాహ్నం గది ఖాళీ చేసి కొండ మీదకి నడిచి వెళ్ళిన ముసలాయన మందుల సంచి టేబుల్ మీదే మరిచిపోయాడు. భర్త నిద్రపోతున్నాడు. అత్తగారు టీవీ ముందు ఉంది. ఆమె సంచి పట్టుకుని బయల్దేరింది. మొదట గబగబా నడిచింది. ముసలాయన ఎక్కడా కనపడకపోయేసరికి పరుగెత్తింది. కొండ ఎగువకి, జారే మట్టిలో, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని పరుగెత్తింది. సంచి అందించి వెనక్కి తిరిగాక గాని తెలియలేదు, తను కిందంతా తడిసిపోయి ఉందని. ఎవరైనా చూశారేమోనని ఓ చెట్టు వెనక నిలబడింది. అప్పుడే వాన మొదలైంది. ఆ కొండల్లో వాన చెప్పి రాదు. తలా, జాకెట్టూ, చీరా, చెప్పులూ అన్నీ ఒక్కటిగా తడిసిపోయాయి. ఏది వాన తడో, ఏది తన తడో ఇక ఎవడూ చెప్పలేడు. ఆమె చెట్టు వెనకనుంచి బయటికొచ్చి కిందికి పరుగెత్తింది. కావాలనే పరుగెత్తింది. మధ్యలో ఓసారి, ఎవరూ లేరు కదా అని, గట్టిగా నవ్వింది కూడా.

"గొడుగు పట్టుకెళ్ళొచ్చుగా," అన్నాడు భర్త, తడిసి ముద్దై వచ్చిన ఆమెని చూసి. అంతే. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. వాసన మాట కూడా రాలేదు.

అప్పట్నుంచి వాన పడే మధ్యాహ్నాలు ఆమెవయ్యాయి. మబ్బు పడితే చాలు, చేతిలో పని ముగించుకుని, కూతురి పాత ట్రాక్ ప్యాంటు తొడుక్కుని, ఎవరో గదిలో వదిలేసి వెళ్ళిన బూట్లు వేసుకుని వెనక గోడ దాటేది. మెల్లగా దారులు తెలిశాయి. ఒకప్పుడు కలప లారీలు తిరిగి, ఇప్పుడు గడ్డి పెరిగి వదిలేసిన మట్టిరోడ్డు ఒకటి. వాగు పక్కనే రాళ్ళమీదుగా పోయేది ఇంకొకటి. శిఖరం దాకా ఎక్కి, అవతలి లోయ చూపించి, చుట్టు తిరిగి వచ్చేది మూడోది. గాలి ఎటునుంచి వస్తుందో, చెట్లు ఎక్కడ ఎలా ఉంటాయో చూసి ఎంచుకున్న దారులు కావవి. మనుషులు ఎదురుపడకూడదు. ఏ ఇంటి కిటికీ ఇటు తెరుచుకోకూడదు. కాస్త దూరానికోసారి చాటుకి వెళ్ళి కూర్చోవడానికి ఓ బండో, పడిపోయిన చెట్టు మానో ఉండాలి. శిఖరానికి నేరుగా పోయే కాలిబాట ఉంది కానీ దాని పక్కనే అడవి కాపలావాళ్ళ గుడిసె. అందుకే ఆమె దారి అక్కడ పెద్ద వంపు తిరిగి, ముళ్ళపొదలు దాటుకుని, ఏనుగంత బండ చాటునుంచి పోతుంది. బడికి భయపడే పిల్లలు సందుల్లోంచి తిరిగి ఇంటికెళ్ళినట్టు, ఆమె అడవినంతా సందులు చేసుకుంది.

బూట్లకున్న మట్టి పట్టించింది.

"ఎక్కడ తిరుగుతున్నావు రోజూ?"

"పరుగెత్తడానికి వెళ్తున్నానండీ."

ఆయన వెంటనే వెనక్కి తిరిగి కేకేశాడు. "అమ్మా, విన్నావా? నీ కోడలు పరుగులు తీస్తోందట!"

"ఎవరు తరుముతున్నార్రా?" అంది అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

తల్లీ కొడుకూ చాలాసేపు నవ్వారు. ఆమె నిలబడి, వాళ్ళు నవ్వడం పూర్తయ్యేదాకా, బూట్ల మట్టి పుల్లతో గీక్కుంటూ ఉంది.

అయితే ఆ ఏడాది లాడ్జికి రాబడి పడిపోయింది. కింద రోడ్డు మీద కొత్త హోటళ్ళు లేచాయి. అలాంటి రోజుల్లో ఓ ఫోన్ వచ్చింది. పట్నంలో ఆడవాళ్ళ పరుగు సంఘం వాళ్ళట. అడవిలో పరుగెత్తడానికి మంచి దారులేమైనా ఉన్నాయా అని అడిగారు. "ఎందుకు లేవు మేడమ్? బోలెడు," అన్నాడు భర్త, ఆమె వైపు చూస్తూ. ఆ రాత్రి భోజనాల దగ్గర కంచంలోంచి తల ఎత్తి, "నువ్వెళ్ళేది ఎటెటు?" అని అడిగాడు. తువ్వాలు ఎక్కడ, తాళాలు ఎక్కడ అని కాకుండా ఆయన ఆమెని ఓ సంగతి అడగడం, చెప్తుంటే వినడం ఎన్నాళ్ళైందో. ఆ కాసేపు ఆమెకి ఒళ్ళు తెలియలేదు. వాగు ఎక్కడ దాటాలో, వాన పడితే ఏ రాయి జారుతుందో అన్నీ వేలితో బల్ల మీద గీసి చూపించింది.

వారం తిరక్కుండా రిసెప్షన్ గోడ మీద పెద్ద బోర్డు వెలిసింది. పచ్చటి కొండలు, వాటి మీద ఎరుపు, నీలం, పసుపు గీతలు. కింద అందమైన అక్షరాలతో, 'మా యజమాని స్వయంగా పరుగెత్తి గుర్తించిన అటవీ దారులు' అని రాయించాడు. ఆయన పరుగెత్తడం ఆమె ఒక్కసారే చూసింది. కుక్క చెప్పు ఎత్తుకుపోయినప్పుడు గేటు దాకా.

బోర్డు మీద తన పేరు లేదని ఆమెకి కష్టమనిపించలేదు. నిజానికి దేవుడు మేలు చేశాడనుకుంది. ఆమెని చంపేసింది వేరే. ఆ ఎర్రగీత శిఖరం దగ్గర ఎందుకు వంపు తిరిగిందో ఆమెకి తెలుసు. ఆ నీలంగీత వాగు దగ్గర ఎందుకు రెండుసార్లు ఆగినట్టు వంకర పోయిందో ఆమెకి తెలుసు. తను ఎక్కడెక్కడ ఎవరికీ కనపడకుండా కూర్చుందో ఆ చోట్లన్నీ కలిపి గీస్తే వచ్చిన బొమ్మ అది. దాన్ని రంగులేసి, లైటు పెట్టి, వచ్చేపోయేవాళ్ళు చూసేచోట తగిలించారు. దుప్పట్ల చాటున ఆరేసుకున్నవి తెచ్చి వీధి గుమ్మానికి కట్టినట్టుంది ఆమెకి. రిసెప్షన్‌లో దుమ్ము దులిపేటప్పుడు ఆ గోడ వైపు వీపు పెట్టేది. అయినా వీపంతా మండేది.

సంఘం వాళ్ళు ఓ వ్యాన్ నిండా వచ్చారు. రంగురంగుల బూట్లు, గోలగోలగా మాటలు. వాళ్ళ పెద్దావిడ రిటైరైన డ్రిల్లు టీచరు. తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మెళ్ళో ఇంకా విజిల్ వేసుకునే తిరుగుతోంది. అందరికంటే చిన్నది బ్యాంకులో పనిచేసే అమ్మాయి. ఇంటి దగ్గర చంటిపిల్లని వదిలి వచ్చిందట. వచ్చిన దగ్గర్నుంచి అందరికీ ఫోన్‌లో పిల్ల ఫోటోలు చూపిస్తోంది.

సాయంత్రం భర్త ఇస్త్రీ చొక్కా వేసుకుని బోర్డు పక్కన నిలబడి దారులు వివరించాడు. ఆమె బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర ఉంది.

"ఈ ఎర్రదారి ఇక్కడెందుకు ఇంత చుట్టు తిరిగింది? నేరుగా పోవచ్చు కదండీ?" అంది డ్రిల్లు టీచరు, కళ్ళజోడు సవరించుకుని.

భర్త ఒక్క క్షణం తడబడ్డాడు. "అక్కణ్ణుంచి వ్యూ బావుంటుంది మేడమ్."

ఆమె చేతిలో పళ్ళెం కాస్త వంగింది. బిస్కెట్లు జారబోతే పట్టుకుంది.

"దారిలో బాత్రూములు ఏమైనా ఉంటాయాండీ?" బ్యాంకమ్మాయి అడిగింది. మామూలుగా అడిగినట్టే అడిగింది కానీ, అడిగి వెంటనే ఫోన్‌లోకి తల దించుకుంది.

"అడవిలో బాత్రూములేంటమ్మా!" భర్త హుషారుగా చేతులు చాచాడు. "పొద్దున్నే ఇక్కడే అన్నీ కానిచ్చుకుని బయల్దేరండి. చిన్నపిల్లల్లాగా మధ్యలో మారాం చెయ్యకూడదు మరి!"

అందరూ నవ్వారు. బ్యాంకమ్మాయీ నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో తలుపు దగ్గరున్న మనిషికి ఒక్కదానికే తెలుసు. నోటితో మాత్రమే నవ్వి, పొట్టని కదలనివ్వకుండా పట్టుకునే నవ్వు.

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు. తెల్లారగానే అంతా అడవిలోకి వెళ్ళారు. ఆమె వంటింట్లో రొట్టెలు కాలుస్తుండగానే బ్యాంకమ్మాయి ఒక్కతే వెనక్కి వచ్చేసింది. నడుముకి జాకెట్ బిగించి కట్టుకుని ఉంది. "కాలు మడత పడిందండీ," అంటూ ఎవరి ముఖమూ చూడకుండా గదిలోకి పోయింది. మడత పడిన కాలు కాస్తయినా కుంటలేదు.

కాసేపటికి ఆమె తువ్వాళ్ళు మార్చడానికి ఆ గదికి వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. బాత్రూములో కుళాయి ధారగా పడుతోంది. అమ్మాయి కింద కూర్చుని బకెట్లో ఏదో నలుపుతోంది. చప్పుడు విని ఉలిక్కిపడి, రెండు చేతులూ బకెట్ మీద అడ్డం పెట్టింది.

"నేనే ఉతుక్కుంటా అక్కా. మీరు ముట్టుకోకండి. టీ... టీ ఒలికింది."

ఆ పొద్దున ఇంకా ఎవరికీ టీ పెట్టనే లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అమ్మాయి మొహం చెవుల దాకా కందిపోయింది. చెప్పాల్సిన మాట ఆమె గొంతు దాకా వచ్చింది. నాకూ అంతేనమ్మా అంటే చాలు. రెండు ముక్కలు. కానీ ఆ రెండు ముక్కల వెనక వరండా, కప్పులు, కిందకి చూసిన ఆ ఇద్దరి చూపులు అన్నీ అడ్డంగా నిలబడ్డాయి.

"కాలికి వేడినీళ్ళు తెమ్మంటారా?" అంది చివరికి.

"వద్దక్కా."

ఆమె బయటికొచ్చింది. వసారాలో అత్తగారు నిలబడి ఉంది. "ఏంటటా పిల్లకి? అప్పుడే వచ్చేసింది?" అంటూ ముక్కు ఎగబీల్చింది. ఆ చూపు గది తలుపు మీంచి జారి తన చీర మీదకి వస్తుండటం ఆమె చూసింది. ఆలోచించలేదు. చూపు తన మీద పడకముందే నోరు దానంతటది తెరుచుకుంది.

"ఏమో అత్తయ్యా. ఆ గదిలో ఏదో వాసన వస్తోంది."

అన్నాక గాని తను అన్న మాట తనకి వినపడలేదు. అదే మాట. అదే విరుపు. ముక్కు కూడా తను అలాగే ఎగబీల్చిందేమో. అత్తగారు ఆమె వైపు ఓ రకంగా చూసి వెళ్ళిపోయింది. వెనక, ఓరగా ఉన్న తలుపు చప్పుడు లేకుండా దగ్గరగా పడింది. లోపల గడియ మెల్లగా, చాలా మెల్లగా, ఎవరినీ నొప్పించకూడదన్నట్టు బిగుసుకుంది.

ఇన్నేళ్ళలో ఆమె ఎన్నోసార్లు సిగ్గుపడింది. తడిసిన కుర్చీలోంచి లేవలేక, ఇంట్లో అందరూ వెళ్ళేదాకా పని ఉన్నట్టు నటించి సిగ్గుపడింది. కూతురు "అమ్మా, నీ దగ్గరేంటే అలా వాసన" అన్నప్పుడు సిగ్గుపడింది. అదంతా ఒంటి సిగ్గు. కడిగితే సగం పోయేది. ఈ పొద్దున వచ్చిన సిగ్గు వేరు. తనని ఇన్నాళ్ళూ కోసిన కత్తినే పిడి పట్టుకుని ఇంకొకదాని మీదకి దూసింది. అదీ చంటిపిల్ల తల్లి మీదకి. అదీ తనలాంటి దాని మీదకి. రొట్టెలు మాడిపోతున్నా పొయ్యి ముందు అలాగే నిలబడిపోయింది. ఏ కుళాయి కింద ఉతికితే పోతుంది ఇది?

మధ్యాహ్నం భోజనాలకి అంతా చేరారు. ఎండకి ఎర్రబడ్డ మొహాలు, ఆకలి కేకలు. ఎర్రదారి అద్భుతంగా ఉందట. బ్యాంకమ్మాయి అప్పటికే సంచి సర్దుకుని వచ్చి, నేను వెళ్ళిపోతాను, పిల్ల గుర్తొస్తోంది అంది.

"ఒక్క కొండకే కాలు మడతపడితే ఎలాగమ్మా?" భర్త కూర గిన్నె అందిస్తూ చమత్కరించాడు. "మా దారులు కాస్త గట్టివి. నాజూకు మనుషులకి కావు. నేను తొలిసారి వెళ్ళినప్పుడు..."

"ఆ దారులు మీవి కావు," అంది ఆమె.

గట్టిగా అనలేదు. కానీ అన్నం వడ్డించే మనిషి మాట్లాడటం ఎవరూ ఊహించకపోవడం వల్ల అందరికీ వినపడింది. భర్త గరిటె గాల్లో ఆగింది. ఆమె అన్నం గిన్నె బల్ల మీద పెట్టింది. కాళ్ళు వణుకుతున్నాయి. కాళ్ళు వణికితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అవుతోంది కూడా. అయినా నిలబడింది.

"అవి నేను తిరిగిన దారులు. నా రెండోవాడు పుట్టినప్పట్నుంచి దగ్గినా, నవ్వినా, పరుగెత్తినా నాకు ఒంటేలు ఆగదు. అందుకే ఎవరూ లేనిచోట్ల, వానలో పరుగెత్తేదాన్ని. టీచరుగారూ, ఎర్రదారి చుట్టు తిరిగింది వ్యూ కోసం కాదండీ. అక్కడ పెద్ద బండ ఉంది. దాని వెనక కూర్చుంటే ఎవరికీ కనపడదు. నేను కూర్చునేది అక్కడే."

"మా ఆవిడ ఇంతే, ఏదో తమాషాకి..." అని భర్త నవ్వబోయాడు. తోడు ఎవరూ నవ్వలేదు. ఒక్కడే నవ్వే నవ్వు ఎంత పొట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. గరిటె గిన్నెలో పడేసి రిసెప్షన్‌లోకి వెళ్ళిపోయాడు. గోడవారనున్న అత్తగారు నీళ్ళ గ్లాసు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

డ్రిల్లు టీచరు కంచం పక్కకి జరిపింది. "దీనికి డాక్టర్లున్నారమ్మా," అంది, బళ్ళో పాఠం చెప్పినంత మామూలుగా. "వ్యాయామాలున్నాయి. బిగించడం, వదలడం. కొందరికి వాటితోనే తగ్గుతుంది, కొందరికి వైద్యం కావాలి. నేను వెళ్ళాను. సిగ్గుపడి చాలా ఆలస్యంగా వెళ్ళాను. ఊళ్ళో ఆడపిల్లలందరికీ కాళ్ళూ చేతులూ ఆడించడం నేర్పాను గానీ, ఈ సంగతి ఒక్కదానికీ చెప్పలేదు."

ఆమె తల ఊపింది. ఇంకా ఓ పని ఉంది. అది అందరి ముందూ చేసేది కాదు. బ్యాంకమ్మాయి సంచి తీసుకుని బయటికి నడిస్తే వెనకే వెళ్ళింది.

"పొద్దున నీ గుమ్మం దగ్గర అన్నది నేనే. నా మీదకి రాకూడదని అన్నాను."

"విన్నాను అక్కా," అంది అమ్మాయి. పరవాలేదు అనలేదు. అనాలని ఆమె కోరుకోనూ లేదు. ఇద్దరూ మెట్ల మీద ఆగారు. అమ్మాయి సంచి పట్టీ వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

"ఆ బండ వెనక నిజంగానే ఎవరికీ కనపడదా?"

"గొర్రెలు వస్తే చెప్పలేను."

అమ్మాయి నవ్వేసింది. వెంటనే "అయ్యో" అని సంచి ముందుకి పెట్టుకుంది. ఆమెకీ నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

సాయంత్రం గదిలో భర్త తలుపేసి నిలదీశాడు. "నలుగురిలో ఏంటా మాటలు? రేపు నేను వీధిలో తిరగాలా వద్దా?"

"మీరు నలుగురిలో చెప్పిందేనండీ. మీరు నవ్వుతూ చెప్పారు, నేను నవ్వకుండా చెప్పాను."

వరండా గుర్తొచ్చిందో ఏమో, ఆయన దిండు తీసుకుని పక్క గదికి పోయాడు.

మర్నాడు ఎండలో, పొడి మట్టి మీద, ఆమె అందరితో పాటు పరుగెత్తింది. అందరికంటే వెనక, వెళ్ళకుండా ఆగిపోయిన బ్యాంకమ్మాయితో. తడవలేదని కాదు. తడిసింది. వెలుతురులో అలా ఉండటానికి సిగ్గుగానే ఉంది. సిగ్గు ఎక్కడికీ పోలేదు. దాన్ని వెంటబెట్టుకునే కొండ ఎక్కింది.

వ్యాన్ వెళ్ళిపోయాక ఆమె పెరట్లో దుప్పట్లు తీస్తుంటే అత్తగారు వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. తీగ దాకా వచ్చి, ఓ దుప్పటి అంచు పట్టుకుని మడతకి సాయం చేసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ దుప్పటి పట్టుకోవడం ఇదే మొదలు.

"ఆ టీచరమ్మ చెప్పిన డాక్టరు ముసలివాళ్ళని కూడా చూస్తుందా?"

"ఎవరికి అత్తయ్యా?"

ఆవిడ కొండ వైపు చూస్తూ ఉంది. "నాకే. నీ మొగుడు పుట్టినప్పట్నుంచీ."

దుప్పటి ఇద్దరి మధ్యా బిగుసుకుని ఆగిపోయింది.

"మరి ఇన్నేళ్ళూ నన్నెందుకన్నారు?"

"నిన్నంటుంటే, వచ్చే వాసన నీదే అనుకుంటారని."

కోపం వచ్చింది. చేతిలోని గుడ్డ చించి పారెయ్యాలన్నంత కోపం. అరిచేదే. కానీ ఆ పొద్దున వసారాలో తన నోటి నుంచి వచ్చిన మాట ఆ కోపానికి ఎదురొచ్చి నిలబడింది. క్షమించానని అనలేకపోయింది. ఛీ అని కూడా అనలేకపోయింది. దుప్పటి మడత పూర్తిచేసి, దాని మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"సోమవారం పట్నం వెళ్దాం. ఇద్దరం."

"అంతదూరం బస్సులో ఎలా కూర్చుంటానే?"

"మధ్యలో ఆపిద్దాం."

"డ్రైవరు ఊరుకుంటాడా? ఎందుకని అడగడూ? ఏం చెప్తావు?"

"ఉన్నదే చెప్తాను," అంది ఆమె.